84 నెలల బ్యాటరీ, 24 నెలల వారంటీ

2024 ఆగస్టులో అమ్మానాన్నలు మా దగ్గర ఆరు నెలలు ఉండి తిరుగు ప్రయాణమయ్యారు. నాలుగు పెద్ద పెట్టెలు, రెండు చేతిసంచులు కారులో సర్దాం. అమ్మ దేవుడి గదిలో దణ్ణం పెట్టుకుని వచ్చి వెనక సీటులో కూర్చుంది. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఎయిర్‌పోర్టుకి అరగంట పైనే పడుతుంది. స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మన్న చప్పుడు తప్ప ఇంజను కదల్లేదు. డాష్‌బోర్డు లైట్లు ఒకసారి మిణుక్కుమని ఆరిపోయాయి.

పక్కింటాయన తన కారు తెచ్చి జంపర్ కేబుల్స్ తగిలిస్తే స్టార్ట్ అయింది. కానీ ఒకసారి ఆపితే మళ్ళీ అవుతుందో లేదో తెలియదు. ఎప్పుడూ కారు పార్కింగ్‌లో పెట్టి, లోపలికి వెళ్ళి, చెక్-ఇన్ అయ్యేదాకా ఉండి, సెక్యూరిటీ దగ్గర వాళ్ళు కనుమరుగయ్యాక తిరిగొచ్చేవాణ్ణి. ఆ రోజు ఇంజను ఆపకుండా టెర్మినల్ ముందు దింపి, వీల్‌చైర్ అతనికి అప్పగించి, వెనకాల కార్లు హారన్లు కొడుతుంటే వచ్చేశాను. కాళ్ళకి దణ్ణం పెట్టే తీరిక కూడా లేకపోయింది. ఫ్లైట్ అయితే అందింది.

ఆ బ్యాటరీ మీద పెద్ద అక్షరాలతో "84 నెలలు" అని స్టిక్కర్ ఉంది. నేను కొన్నది 2021 ఏప్రిల్‌లో, అంటే 40 నెలలే అయింది. సగం కూడా కాలేదు కదా, వారంటీలో కొత్తది ఇస్తారులే అన్న ధైర్యంతో మర్నాడు కొన్న షాపుకే వెళ్ళాను. అక్కడ నేర్చుకున్న లెక్క మన వాళ్ళందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు అసలు బ్యాటరీయే పోయిందా?

కారు స్టార్ట్ కాకపోతే అందరం బ్యాటరీనే తిట్టుకుంటాం. ఒక్కోసారి తప్పు ఆల్టర్నేటర్‌ది అవుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది అదే. అది చెడిపోతే కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకున్నా, క్లాంపులు వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టేముందు పరీక్ష చేయించాలి.

పదిహేను, ఇరవై డాలర్లకి దొరికే మల్టీమీటర్ ఇంట్లో ఉంటే చాలావరకు మనమే చూసుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే ముప్పాతిక భాగం, 12.2 అంటే సగం చార్జ్ ఉన్నట్టు. 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం మామూలుగా 13.7 నుంచి 14.7 దాకా ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. మీటర్ లేకపోయినా ఫర్వాలేదు. పెద్ద ఆటో పార్ట్స్ షాపుల్లో చాలావరకు ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు, కొనాలన్న నిబంధన ఉండదు.

నా కారుకి చేస్తే ఆల్టర్నేటర్ 14.2 దగ్గర బాగానే ఉంది. బ్యాటరీ లేబుల్ మీద 585 సీసీఏ అని ఉంటే, మెషీన్ 240 చూపించింది. అంటే నిజంగానే పోయింది.

షాపువాడు వేసిన లెక్క

రసీదు గ్లవ్ బాక్సులోనే దాచాను. తీసి చూస్తే నల్లగా మాడిపోయింది, ఒక్క అక్షరం కనబడలేదు. ఆ రసీదులు థర్మల్ కాగితం మీద వస్తాయి, వేడి తగిలితే నల్లబడతాయి. టెక్సస్ ఎండలో మూసిన కారులో నాలుగు వేసవులు గడిపితే ఇంకేం మిగులుతుంది! అదృష్టం బాగుండి కొన్నప్పుడు ఫోన్ నంబర్ ఇచ్చాను. దాంతో కౌంటర్‌లో ఉన్నాయన కంప్యూటర్‌లో పట్టుకున్నాడు.

తర్వాత అసలు విషయం చెప్పాడు. 84 నెలల్లో మొదటి 24 నెలలే ఉచితంగా మార్చి ఇచ్చేవి. మిగతా 60 నెలలు ప్రో-రేటా, అంటే వాడుకున్న నెలలకి మనం డబ్బు కట్టాలి. అదీ నేను కొన్న ధర మీద కాదు, ఈ రోజు లిస్ట్ ధర మీద.

నేను సేల్‌లో కొన్నది 159 డాలర్లకి. అదే బ్యాటరీ ఇప్పటి లిస్ట్ ధర 209. దాన్ని 84తో భాగిస్తే నెలకి సుమారు 2.49 డాలర్లు. నేను వాడింది 40 నెలలు, కాబట్టి దాదాపు 99 డాలర్ల 50 సెంట్లు కట్టాలి. పైన టాక్సు. ఇంకొక మాట కూడా చెప్పాడు. ఇప్పుడిచ్చే బ్యాటరీకి వారంటీ కొత్తగా మొదలవదు, 2021 ఏప్రిల్ నుంచే లెక్క. అంటే వంద డాలర్లు కట్టి తెచ్చుకున్న బ్యాటరీ ఆరు నెలల్లో పోయినా మళ్ళీ ప్రో-రేటాయే.

అతను అబద్ధం ఆడలేదు. ఇదంతా వారంటీ కాగితంలో ఉందని చూపించాడు. 2021లో నేను చదవలేదు, అంతే.

స్టిక్కర్ మీద అంకె కాదు, ఉచిత నెలలు చూడండి

ఇంటికొచ్చి పాత కవరు వెనక లెక్క వేశాను. 159 డాలర్లని 84తో భాగిస్తే నెలకి 1.89. కొన్నప్పుడు నా మనసులో ఉన్న లెక్క ఇదే, భలే చవక అనుకున్నాను. అదే 159ని 24తో భాగిస్తే నెలకి 6.63. నిజంగా షాపు పూర్తి బాధ్యత తీసుకున్నది ఆ 24 నెలలకే కాబట్టి అసలు ధర ఇది.

అప్పటినుంచి ఏ బ్యాటరీ చూసినా నేను అడిగేది ఒకటే ప్రశ్న: "ఫ్రీ రీప్లేస్‌మెంట్ ఎన్ని నెలలు?" ధరని ఆ నెలలతో భాగిస్తాను. ఆ రోజు నాకు దొరికిన ధరలు ఇవి. మీ ఊళ్ళో, ఈ రోజు అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం అదే.

ఒక పెద్ద డిస్కౌంట్ స్టోర్‌లో 119 డాలర్లు, 24 నెలలు ఉచితం. నెలకి 4.96.

ఒక ఆటో పార్ట్స్ షాపులో 179 డాలర్లు, 36 నెలలు ఉచితం, వాళ్ళే బిగించి ఇస్తారు. నెలకి 4.97.

మెంబర్‌షిప్ ఉన్న హోల్‌సేల్ క్లబ్‌లో 129 డాలర్లు, 36 నెలలు ఉచితం, బిగించుకోవడం మన పని. నెలకి 3.58.

ఇంటికొచ్చి మార్చే మొబైల్ సర్వీసులో 219 డాలర్లు, 36 నెలలు ఉచితం. నెలకి 6.08.

పాత షాపులో ప్రో-రేటాకి దాదాపు 100 డాలర్లు, ఉచిత నెలలు సున్నా.

చూశారా, 119 డాలర్లదీ 179 డాలర్లదీ నెలకి వేసుకుంటే దాదాపు ఒకటే. ధరల పట్టికలో అన్నిటికన్నా చవకగా కనబడిన వంద డాలర్ల బేరంలోనే భరోసా ఏమీ లేదు. నేను 129 డాలర్లది తీసుకున్నాను. రెంచి పట్టుకోవడం అలవాటు లేకపోతే, లేదా మీ కారులో బ్యాటరీ సీటు కిందో డిక్కీలోనో ఉంటే, బిగించి ఇచ్చే షాపుకి ఇంకో యాభై డాలర్లు ఇవ్వడం నష్టమేమీ కాదు. బ్యాటరీ అందుబాటులో లేని చోట ఉండే కార్లకి కొన్ని షాపులు ఉచితంగా బిగించవు, ముందే కనుక్కోండి.

బ్రాండు సంగతి

వాల్‌మార్ట్‌లో ఎవర్‌స్టార్ట్, ఆటోజోన్‌లో డ్యూరాలాస్ట్, ఒరైలీలో సూపర్ స్టార్ట్, కాస్ట్‌కోలో ఇంటర్‌స్టేట్, అడ్వాన్స్ ఆటో పార్ట్స్‌లో డైహార్డ్. పేర్లు ఇన్ని ఉన్నా తయారుచేసే పెద్ద కంపెనీలు కొన్నే. జాన్సన్ కంట్రోల్స్ అనే కంపెనీ తన బ్యాటరీ వ్యాపారాన్ని 2019లో అమ్మేశాక అది క్లారియోస్ అయింది. ఒకే కంపెనీ తయారుచేసిన బ్యాటరీలు వేర్వేరు షాపుల్లో వేర్వేరు పేర్లతో వస్తుంటాయి. మనకి బాగా తెలిసిన తిరుపతి అమరరాజా వాళ్ళ అమరాన్‌కి కూడా ఈ జాన్సన్ కంట్రోల్స్ చాలా ఏళ్ళు భాగస్వామిగా ఉండేది.

కాబట్టి బ్రాండు పేరు మీద వాదించుకోవడం కన్నా నాలుగు విషయాలు చూసుకోవడం మేలు.

మొదటిది, గ్రూప్ సైజు. మా 2014 కామ్రీకి 24ఎఫ్. చాలా హోండా సివిక్‌లకి 51ఆర్. వెనక ఉన్న అక్షరాన్ని వదిలేయకండి. 24కీ 24ఎఫ్‌కీ ప్లస్, మైనస్ అటూ ఇటూ మారతాయి, కేబుల్ అందదు.

రెండోది, సీసీఏ, అంటే చలిలో స్టార్ట్ చేసే శక్తి. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 30 సెకన్లపాటు వోల్టేజీ 7.2కి తగ్గకుండా ఎంత కరెంటు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. కారు మాన్యువల్‌లో చెప్పినదానికి తగ్గకుండా ఉంటే చాలు. మిన్నెసోటాలోనో షికాగోలోనో ఉంటే కాస్త ఎక్కువ తీసుకోవచ్చు. డాలస్‌లో ఉన్నవాళ్ళం 800 సీసీఏ కోసం అదనంగా డబ్బు పోయనక్కర్లేదు.

మూడోది, తయారైన తేదీ. షెల్ఫులో ఉన్నా బ్యాటరీ వయసు పెరుగుతూనే ఉంటుంది. చాలావాటి మీద నెల, సంవత్సరం ఉన్న గుండ్రటి స్టిక్కర్ ఉంటుంది. కొన్నిటి మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, పక్కన ఉన్న అంకె సంవత్సరం చివరి అంకె. మూడు నెలల లోపలిది అడిగి తీసుకోండి. వెనక వరసలోంచి తీసివ్వమంటే ఎవరూ ఏమీ అనుకోరు.

నాలుగోది, రకం. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే కార్లకి ఎక్కువగా ఏజీఎం బ్యాటరీతోనే వస్తాయి. అలాంటి కారులో డబ్బు కలిసొస్తుందని మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా పోతుంది. పాత కామ్రీకి ఏజీఎం తప్పనిసరి కాదు. బీఎండబ్ల్యూ లాంటి కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కారు కంప్యూటర్‌కి నమోదు చేయాలి, ఆ ఖర్చు కూడా కలుపుకుని చూడండి.

బిల్లులో కనబడే చిన్న అంకెలు

కోర్ చార్జ్ అని పది నుంచి పాతిక డాలర్ల దాకా వేస్తారు. ఇది డిపాజిట్ లాంటిది. పాత బ్యాటరీ తిరిగిస్తే వెనక్కిస్తారు. మన వాళ్ళు చాలామంది పాతది గరాజ్‌లో మూలన పడేసి ఈ డబ్బు మర్చిపోతారు. అందులో సీసం, ఆసిడ్ ఉంటాయి, చెత్తబుట్టలో వేయకూడదు. తిరిగిస్తే రీసైకిల్ అవుతుంది, మన డబ్బు మనకొస్తుంది. టెక్సస్‌లో 12 వోల్టుల బ్యాటరీకి 3 డాలర్ల రాష్ట్ర రుసుం కూడా ఉంది, అది మాత్రం తిరిగి రాదు. రెండు షాపుల ధరలు పోల్చేటప్పుడు ఇవన్నీ కలిపిన మొత్తం అడగండి.

కాగితంలో చదవాల్సిన నాలుగు వాక్యాలు

ఈ దేశంలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. 15 డాలర్లకి మించిన వస్తువుకి రాతపూర్వక వారంటీ ఇస్తే, కొనక ముందే దాన్ని చదువుకునే వీలు షాపు కల్పించాలి. కాబట్టి కౌంటర్ దగ్గర వారంటీ చూపించమని అడగడానికి మొహమాటం వద్దు. అది మన హక్కు. చూడాల్సినవి ఇవి.

ఉచితంగా మార్చి ఇచ్చే కాలం ఎంత? ప్రో-రేటా ఉంటే లెక్క కొన్న ధర మీదా, అప్పటి లిస్ట్ ధర మీదా?

మార్చి ఇచ్చిన బ్యాటరీకి వారంటీ కొత్తగా మొదలవుతుందా, పాతదాంట్లో మిగిలిన నెలలే వస్తాయా? చాలాచోట్ల మిగిలినవే. 35వ నెలలో ఉచితంగా మారిస్తే ఇక ఒక్క నెలే మిగులుతుంది.

వ్యాపారానికి వాడితే వర్తిస్తుందా? ఊబర్ నడిపేవాళ్ళు, డెలివరీలు చేసేవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. అలాంటి వాడకానికి చాలా కంపెనీలు వారంటీ తగ్గిస్తాయి, లేదా అసలు ఇవ్వవు.

వేరే ఊళ్ళో, వేరే రాష్ట్రంలో అదే పేరున్న షాపులో మార్చుకోవచ్చా? ఉద్యోగాల కోసం డాలస్ నుంచి షార్లెట్‌కీ, అక్కణ్ణుంచి సియాటిల్‌కీ తిరిగే మనకి ఇది ముఖ్యం. దేశమంతా బ్రాంచీలున్న షాపులో కొనడానికి అదొక కారణం.

టోయింగ్ ఖర్చు, జంప్ స్టార్ట్ ఖర్చు, ఆ రోజు పోయిన పని మామూలుగా వారంటీలోకి రావు.

ఇండియా వెళ్ళొచ్చేవాళ్ళకి

డిసెంబరులో ఐదారు వారాలు ఇండియా వెళ్ళి వస్తాం. కారు గరాజ్‌లో ఊరికే ఉన్నా అలారం, కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. తిరిగొచ్చేసరికి బ్యాటరీ ఖాళీ. షాపుకి తీసుకెళితే వాళ్ళు చార్జ్ పెట్టి మళ్ళీ పరీక్షిస్తారు. "గుడ్" అని వస్తే మార్చరు, ఎందుకంటే ఖాళీ అవడం తయారీ లోపం కాదు. కానీ ఇలా పూర్తిగా ఖాళీ అయిన ప్రతిసారీ దాని ఆయుష్షు తగ్గుతుంది. వెళ్ళేముందు బ్యాటరీ మెయిన్‌టెయినర్ తగిలించి వెళ్ళండి. లేదా మైనస్ కేబుల్ ఊడదీసి ఉంచండి. ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

చలి బ్యాటరీని చంపుతుందని అందరూ అంటారు. నిజానికి లోపల ఎక్కువ పాడుచేసేది ఎండ. బలహీనపడ్డ సంగతి చలిలో బయటపడుతుంది. డాలస్, ఫీనిక్స్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మూడో ఏడు దాటాక ప్రతి వేసవికీ ముందు ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది.

ఎంఎస్‌కి వచ్చిన పిల్లలకి ఒక మాట. నలుగురు కలిసి పాత కొరోలా కొనుక్కుని, ఉద్యోగం రాగానే అమ్మేసే ఆలోచన ఉంటే, 250 డాలర్ల ఏజీఎం అక్కర్లేదు. మీ దగ్గర ఆ కారు ఎన్ని నెలలు ఉంటుందో అన్ని నెలలు ఉచితంగా మార్చి ఇచ్చేది చూసుకోండి. కారు అమ్మితే చాలా వారంటీలు కొన్నవాళ్ళకి బదిలీ కావు.

నాన్న కార్డు

వారం తర్వాత ఫోన్‌లో ఇదంతా నాన్నకి చెప్పాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆయనకి ట్రాక్టరు ఉండేది. బ్యాటరీ కొన్న రోజునే కొట్టువాడితో వారంటీ కార్డు మీద తేదీ వేయించి, ముద్ర కొట్టించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పట్టాదారు పాసు పుస్తకం పక్కన దాచేవాడు. ఉచితంగా ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎన్ని నెలలు అని ఆ కార్డు మీద రెండు అంకెలు విడివిడిగా ఉండేవి. చిన్నప్పుడు అది చూసి నవ్వుకునేవాణ్ణి.

"నువ్వు కార్డు దాచలేదా?" అని అడిగాడు. రసీదు మాడిపోయిందని చెప్పాను. "అది సరేరా, కొనేటప్పుడు రెండంకెలూ అడిగావా?" అన్నాడు. అడగలేదని ఒప్పుకున్నాను.

ఈసారి రసీదు చేతికి రాగానే ఫోన్‌తో ఫోటో తీసి నాకు నేనే ఈమెయిల్ చేసుకున్నాను. బ్యాటరీ మీద తెల్ల పెయింట్ పెన్నుతో కొన్న తేదీ, దాని పక్కన 36 అని రాశాను. 2027 ఆగస్టుకి ఆ 36 నెలలు పూర్తవుతాయి. అంతకు నెల ముందు పరీక్ష చేయించాలని క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకున్నాను. గడువు లోపల బలహీనంగా ఉందని తేలితే ఉచితంగా మారుస్తారు, గడువు దాటిన మర్నాడు తేలితే మన జేబులోంచే.

మీ కారు బ్యాటరీ మీద ఏ తేదీ ఉందో ఈ శనివారం ఒకసారి హుడ్ ఎత్తి చూడండి. మీ ఇంటికి కూడా అమ్మానాన్నలు వస్తారు, వెళతారు. వాళ్ళని సాగనంపే రోజున ఎయిర్‌పోర్టులో ఇంజను ఆపి, లోపలిదాకా వెళ్ళగలిగేలా ఉండాలి.